తొంభై ఒక్క గంటలు

మార్చి 4, మంగళవారం

మా ఆడపడుచుని ఉదయం 9.05కి థియేటర్‌లోకి తీసుకెళ్ళారు. 11.30కి ఆపరేషన్ అయిపోయిందన్నారు. 12.15కి వార్డుకి తెచ్చారు.

కుడి భుజం. రెండేళ్ళ కిందట షాపులో అద్దం తగిలిస్తూ స్టూల్ మీంచి పడింది. అప్పటినుంచి ఆ భుజం ఊరికే జారిపోతోంది. ఆడవాళ్ళకి హెయిర్ కటింగ్ చేసే మనిషి, రోజంతా చెయ్యి పైకెత్తే ఉండాలి. మా ఇంటి ముందు గది తన షాపు, మేడ మీద గది తన ఇల్లు. చెయ్యి ఆగితే రెండూ ఆగుతాయి.

నొప్పి తెలియకుండా పంప్ పెట్టారు. పంప్ అంటే మోటారూ కాదు, ఏమీ కాదు. నారింజపండంత రబ్బరు బంతి, దాన్నిండా మత్తుమందు. దాన్నుంచి దారంలాంటి ట్యూబు సరాసరి భుజం కీలు లోపలికి. బంతి దానంతటదే ముడుచుకుంటూ చుక్క చుక్కా పంపుతుందట. రెండు రోజులుంచి తీసేస్తారట. 11.30 నుంచి లెక్క.

తనకి నొప్పి లేదు. నోరు తప్ప మిగతాదంతా మత్తులోనే ఉంది. కళ్ళు తెరవగానే నా చేతిలో డైరీ చూసి, అప్పుడే పెన్ను తీశావా వదినా, నేనింకా పోలేదు అంది.

మార్చి 5, బుధవారం

ఉదయం 6: జ్వరం లేదు. 8: మాత్రలు రెండు. 10: టీ, బిస్కెట్లు మూడు. బంతి కొద్దిగా తగ్గింది.

మధ్యాహ్నం 2 నుంచి 2.40 దాకా పక్క బెడ్ ఆవిడకి ఆ మొహానికి ఏ కటింగ్ నప్పుతుందో చెప్పింది. ఆవిడ అడగలేదు. ఆవిడకి తుంటి విరిగింది.

సాయంత్రం ఆయన ప్రెస్ నుంచి ఇటే వచ్చారు. చెల్లెలు ఒకవైపు, నేను ఒకవైపు ఫిర్యాదులు చెప్పాం. అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు కూర్చుని, పార్కింగ్‌లో పనుందని వెళ్ళిపోయారు. ఆయనకి బండి లేదు.

ఈవిడ పెళ్ళి చేసుకుని ఉంటే ఆ ఇంటివాళ్ళు ఈపాటికి ఊరొదిలి పారిపోయేవాళ్ళు.

మార్చి 6, గురువారం

11.30కి నలభై ఎనిమిది గంటలు నిండాయి. నర్సు కరెక్టుగా వచ్చింది. డిశ్చార్జ్ కాగితాలు కూడా తెచ్చింది, అందులో పంప్ తీసేసినట్టు ముందే టైపు చేసేశారు. మా ఆడపడుచు మాత్రల మత్తులో తల వాల్చేసి ఉంది.

బంతి చూస్తే ఇంకా సగం దాకా మందుంది. దీన్నేం చేస్తారన్నాను. పారేస్తామంది. నాకు ప్రాణం ఒప్పలేదు. టూత్‌పేస్ట్ ట్యూబుని కత్తెరతో చీల్చి గోకేదాన్ని నేను. అరిగిన సబ్బుని కొత్త సబ్బుకి అంటిస్తాను. సగం మందు చెత్తబుట్టలోకా? తీస్తే నొప్పి మొదలవుతుందా అనడిగితే, మొదలవుతుందండీ అని తనే ఒప్పుకుంది. మరి ఉంచొచ్చు కదా, అయ్యేదాకా ఉంచండి అన్నాను. కాగితంలో రెండు రోజులనే ఉందండీ అంది. మళ్ళీ అడిగాను. డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఇబ్బంది లేకపోతే ఉంచుకోమనండి అన్నాడట.

కాగితాలు మళ్ళీ టైపు చేయించడం పెద్ద తతంగం, అలాగే తీసుకెళ్ళండి అంది. బంతిని చిన్న సంచిలో పెట్టి మా ఆడపడుచు మెడలో వేసింది. శనివారం తన డ్యూటీ దిగేలోపు వస్తే తనే తీసేస్తానంది. మంచి పిల్ల.

మార్చి 8, శనివారం

ఉదయం 6.30కి ట్యూబు లాగేశారు. ఈ రెండు రోజులూ మా ఆడపడుచు మాత్రల మత్తులోనే ఉంది, ఆస్పత్రికి కూడా సగం నిద్రలోనే వచ్చింది. మొత్తం తొంభై ఒక్క గంటలు. బంతి పూర్తిగా చప్పబడింది. ఒక్క చుక్క వృథా కాలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

చేతి పట్టీ తీసేశారు. ఫిజియో ఆయన ఎక్సర్‌సైజులు చూపించాడు, పొద్దున పది, సాయంత్రం పది. నేను చార్ట్ గీసి మేడమెట్ల గోడకి అంటించాను. చేస్తే టిక్కు, ఎగ్గొడితే సున్నా. చిన్నప్పుడు కూడా ఎవరూ నాకిలా చార్ట్ గీయలేదు, గీసుంటే ఆ టీచర్ ఉద్యోగం మానేసేది అంది మా ఆడపడుచు.

మే 19, సోమవారం

షాపు తెరిచింది. నాలుగు తలలు. సాయంత్రానికి ఐస్ పెట్టుకుంది కానీ మొహం వెలిగిపోతోంది. ఆయన తన చెల్లెలికి తెలియకుండా బయటి బోర్డు తుడిచొచ్చారు.

జూన్ 24, మంగళవారం

భుజంలోంచి చప్పుడొస్తోంది. ఇసుక పడ్డ గడియ తీసినట్టు. గిన్నెలు తోముతున్న నాకు హాల్లోంచి వినపడింది.

జూలై 10, గురువారం

ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. వేళ్ళతో నొక్కి చూసి, ఎక్సర్‌సైజులు సరిగ్గా చేసుంటే బిగుసుకుపోయేది కాదన్నాడు. స్కాన్ అవసరం లేదన్నాడు.

ఇంటికొచ్చాక చార్ట్ గోడ మీంచి పీకి చూపించాను. ఏప్రిల్, మే నెలల్లో ఆరు రోజులు సున్నా. ఇంత డబ్బా కొట్టుకునే మనిషివి ఆరు రోజులు ఎగ్గొట్టావు చూడు అన్నాను. నీ ఇంట్లో ఊపిరి పీల్చినా టిక్కు పెట్టుకోవాలా వదినా అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా వేద్దామనుకుంది. చెయ్యి రాలేదు. తలుపు మెల్లగా పడింది.

జూలై 22, మంగళవారం

కత్తెర జారి కస్టమర్ ఒళ్ళో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. షాపు మూసి, లైటు వేసుకోకుండా లోపలే కూర్చుంది. టీ తీసుకెళ్తే, భుజం కాదు వదినా, లోపల రెండు రాళ్ళు రాసుకుంటున్నాయి అంది. చార్ట్ మాట ఎత్తకుండా టీ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 13, బుధవారం

వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. లేడీ డాక్టర్, గట్టి మనిషి, స్కాన్ చేయించింది. ఫిల్మ్ లైటు ముందు పెట్టి వేలితో చూపించింది. ఈ రెండు ఎముకల మధ్య ఒక పొర కనపడాలట, కార్టిలేజ్. మనం గుజ్జు అంటామే, అది. ఇక్కడ పొర లేదు. ఎముక మీద ఎముక. ఇరవై ఏళ్ళలో అరిగేది ఈవిడకి అయిదు నెలల్లో పోయింది, ఇది ఎక్సర్‌సైజులతో వచ్చేదీ కాదు, పోయేదీ కాదు అంది.

తర్వాత అడిగింది, ఆపరేషన్ తర్వాత కీలులోపలికి ట్యూబుతో పంప్ ఏమన్నా పెట్టారా అని. పెట్టారంది మా ఆడపడుచు. ఆ మత్తుమందు కీలులో నిలవుంటే గుజ్జు చచ్చిపోవచ్చట. అసలు కీలులోపల పెట్టడమే తప్పట, ఎంత ఎక్కువసేపుంటే అంత ప్రమాదమట. ఎన్ని గంటలుంచారు అంది. తను డిశ్చార్జ్ కాగితం తీసి, నలభై ఎనిమిది అని చదివింది.

నేను స్కాన్ ఫిల్మ్ వైపే చూస్తున్నాను. నా ఎడమ చెయ్యి నా కుడి భుజం మీద ఉందని ఆయన చెప్తే తెలిసింది. గుమ్మడికాయల దొంగలా ఆ తడుముకోవడం ఏమిటే అన్నారు ఆటోలో, సరదాకి.

ఆగస్టు 14, గురువారం

మార్చి పేజీలు తిప్పాను. 6వ తారీకు. 8వ తారీకు. నా రాత ఎంత గుండ్రంగా ఉందో.

ఆగస్టు 15, శుక్రవారం

7.00 డైరీ బీరువాలో పెట్టాను. 9.30 తీసి కుట్టుమిషన్ డ్రాయర్‌లో. 11.00 దుప్పట్ల కింద. 12.15 మళ్ళీ బీరువా. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పుతున్నాను. స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను. ఇరవై ఆరేళ్ళ సంసారంలో ఈ ఇంట్లో పాలు పొంగిపోవడం ఇది మూడోసారి, మొదటి రెండూ కూడా రాసే ఉంచాను.

ఆగస్టు 19, మంగళవారం

కూర్చోలేకపోతున్నాను. కిటికీ ఊచలన్నీ తుడిచాను. సీసాలన్నిటికీ కొత్త లేబుళ్ళు రాశాను. మధ్యలో ఒక సీసా మీద నలభై ఎనిమిది అని రాసి ఉంది. చించేశాను.

నేను అడక్కపోయినా గుజ్జు పోయేదేనేమో. మొదటి రెండు రోజుల్లోనే పోయిందేమో. మిగతా నలభై మూడు గంటల్లో పోయిందేమో. ఈ లెక్క ఎవరికీ రాదు. లేడీ డాక్టర్‌కీ రాదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఆపరేషన్ చేసిన ఆస్పత్రి మీద తను కన్స్యూమర్ కోర్టులో కంప్లయింట్ పెట్టింది. ఆస్పత్రి నుంచి జవాబొచ్చింది. రికార్డుల ప్రకారం పంప్ నలభై ఎనిమిది గంటలే ఉంది, తయారీదారు చెప్పిన గడువు దాటలేదు, పేషెంట్‌ది సహజమైన కీళ్ళ అరుగుదల అని రాశారు. నలభై మూడేళ్ళకి సహజమా, నేనేమన్నా కొండలు మోశానా అని చదివి వినిపించింది.

చదువుతూ చదువుతూ ఆగింది. వదినా, డిశ్చార్జ్ అయ్యాక శనివారం పొద్దున్నే మనం మళ్ళీ వెళ్ళాం కదూ, ఇంకా మసక మసకగా ఉంది నాకు, ఎందుకెళ్ళాం అంది.

డ్రెస్సింగ్‌కి అన్నాను.

సెప్టెంబర్ 10, బుధవారం

డ్రెస్సింగ్ కాదు.

సెప్టెంబర్ 18, గురువారం

మధ్యాహ్నం షాపులో చప్పుడైతే వెళ్ళాను. అద్దం కింద అరలోవన్నీ సర్దేస్తోంది, దువ్వెనలు, క్లిప్పులు, కత్తెరలు గుడ్డలో చుట్టి. అన్నీ ఎడమ చేత్తోనే. కేసు వెనక్కి తీసుకుంటానంది. వాళ్ళ కాగితం వాళ్ళ దగ్గరుంది, నా దగ్గరేముంది వదినా అంది. నేను బ్రష్షులు అందిస్తున్నాను, సైజుల వారీగా.

తర్వాత తల ఎత్తకుండానే అంది, ఆ లేడీ డాక్టర్ ఏదో మర్యాదకి అలా అంది కానీ, ఆరు రోజులు నేనే ఎగ్గొట్టాను, దాని ఫలితమే ఇది, నా నోరు అబద్ధమాడుతుందేమో కానీ మా వదిన చార్ట్ అబద్ధమాడదు అని. వెక్కిరింపుకి కాదు. మామూలుగా అంది. నా మీద తనకి ఇంత నమ్మకముందని నాకెప్పుడూ తెలీదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు, చెప్పేందుకు ఈ రోజే దొరికింది.

పెద్ద బ్రష్షు, చిన్న బ్రష్షు ఒకే కట్టలో కట్టేసి వచ్చాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం. ఉదయం 10.20

ఆయనకి ముందు చెప్పాను. చాలాసేపు చెప్పుల్లో కాళ్ళు పెట్టి కూర్చున్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు కదా అన్నారు. నాకు తెలుసు కదా అన్నాను. నీకు తెలిసిందల్లా ఆ డైరీకీ తెలుస్తుంది, అదే నీతో చిక్కు అన్నారు. కోపంగా అనలేదు. లేచి ప్రెస్‌కి వెళ్ళిపోయారు.

పేజీ చింపి ఇద్దామా అనుకున్నాను. 6వ తారీకు చింపితే గంటల లెక్క తెగిపోతుంది. 4 నుంచి 8 దాకా ఇస్తే తన నోటి గురించి, పెళ్ళి గురించి రాసినవి కూడా వెళ్తాయి. మొత్తం ఇచ్చేస్తున్నాను. ఇది రాయడం అయిపోగానే మేడ మీదకి వెళ్తాను.

అక్టోబర్ 6, సోమవారం

డైరీ ఇవాళ తిరిగొచ్చింది. ఆయన తెచ్చారు. పదిహేడు రోజులు ఏమీ రాయలేదు. గ్యాస్ ఎప్పుడు మార్చానో కూడా గుర్తులేదు.

ఆ రోజు పైకి వెళ్ళి, ఇది చదువు అని మంచం మీద పెట్టాను. ఎడమ చేత్తో పేజీలు తిప్పుతూ నా ముందే చదివింది. మార్చి 5 దగ్గర, ఊరొదిలి పారిపోయేవాళ్ళా అంది. 6వ తారీకు మళ్ళీ మొదటినుంచి చదివింది. 8 దగ్గర, ఒక్క చుక్క అంది. అంతే. వదినా అని కూడా పిలవలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను దిగొచ్చేశాను.

అప్పటినుంచి నాతో మాట లేదు. భోజనం కారియర్ మెట్ల మీద పెడతాను. ఖాళీది మెట్ల మీదే ఉంటుంది, కడిగి. ఎడమ చేత్తో కడుగుతోంది కాబట్టి మూతల అంచుల్లో సబ్బు ఉండిపోతోంది. మాట్లాడాల్సొస్తే నేను ఎదురుగా ఉన్నా, అన్నయ్యా మీ ఆవిడకి చెప్పు అంటుంది. ఆయన నాకు చెప్తారు. నేను అంతకుముందు విననట్టు వింటాను.

లాయర్ కోసం మార్చి పేజీలు జిరాక్స్ తీయించారట. కేసు వెనక్కి తీసుకోలేదు. డైరీ అంతా వెతికాను, ఏమన్నా రాసిందేమోనని. జూలై 10 పేజీలో ఆరు రోజులు అన్నచోట పెన్సిల్‌తో కొట్టేసి వంకర అక్షరాల్లో, నాలుగే, రెండు రోజులు నీ చార్ట్ మీద కాఫీ ఒలికింది అని ఉంది. చార్ట్ తీసి వెలుతురులో చూశాను. నిజమే. రెండు టిక్కులు మరక కింద ఉన్నాయి.

అక్టోబర్ 16, గురువారం

విచారణ. పొడుగు బల్ల వెనక ముగ్గురు. నన్ను నిలబెట్టి చదవమన్నారు. గంటలతో సహా చదివాను. నోరు తప్ప మిగతాదంతా మత్తులోనే ఉంది అన్నది కూడా చదవాల్సొచ్చింది. మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా ఆడపడుచు నేల చూపులు చూస్తోంది.

ఆస్పత్రి లాయరు లేచి, అంటే ఉంచమని మీరే అడిగారన్నమాట అన్నాడు. అవునన్నాను. ఎన్నిసార్లు అడిగారన్నాడు. రెండుసార్లు అన్నాను. మరి మా తప్పేముందండీ అని కూర్చోబోయాడు. పెద్దాయన ఆపాడు. ఇంటావిడ అడిగిందని మందు ఉంచేశారు, రేపు ఇంటావిడ అడిగిందని కత్తి కూడా ఆవిడ చేతికే ఇస్తారా అన్నాడు. ఉంచితే ఉంచారు, ఫైల్లో తీసేశామని ఎందుకు రాశారన్నాడు. లాయరు కాగితాలు తిరగేశాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రెండుసార్లు అన్న మాట హాల్లో ఇంకా తిరుగుతున్నట్టే ఉంది.

బయట వరండాలో నర్సు కనపడింది, సాక్ష్యానికి పిలిచారట. నన్ను చూసి తల తిప్పుకుంది. తనని కూడా ఇరికించాను. ఆ పిల్ల కాగితంలో రెండు రోజులనే ఉందండీ అని చెప్పిందన్న ముక్క గట్టిగా చదివాను కదా అనుకున్నాను. సరిపోయిందో లేదో.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం. మధ్యలో ఆయన.

నవంబర్ 4, మంగళవారం

తీర్పు కాగితం వచ్చింది. కీలులోపల పంప్ పెట్టడం, గడువు దాటాక ఉంచడం, తప్పుడు సమయం రాయడం ఆస్పత్రి తప్పేనన్నారు. మళ్ళీ ఆపరేషన్ వాళ్ళే చేయించాలన్నారు, తను కోరుకున్న చోట. మూడో పేరాలో, పేషెంట్ బంధువు కోరిక మేరకు అని ఉంది. ఆ మాట మీద చూపు పడకుండా చదవడానికి రెండుసార్లు ప్రయత్నించాను.

లేడీ డాక్టర్ కొత్త కీలు వేయొచ్చంది. నొప్పి పోతుందంది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు, ఆ పని మీద ఆశ పెట్టుకోవద్దు అంది. మా ఆడపడుచు, సరే డాక్టర్, నా కస్టమర్లందర్నీ పీటల మీద కూర్చోబెడతాను అంది. డాక్టర్ నవ్వింది. ఆయన నవ్వారు. తను నవ్వలేదు.

నవంబర్ 8, శనివారం

షాపులోంచి కత్తెర చప్పుడు. ఎవరూ వచ్చినట్టు లేదు. తలుపు సందులోంచి చూశాను. ఒళ్ళో పాత న్యూస్‌పేపర్లు పెట్టుకుని కత్తిరిస్తోంది, సన్నగా, పీలికలు పీలికలుగా. ఎడమ చెయ్యి. నేల నిండా కాగితం. ఊడవడానికి వెళ్ళలేదు.

నవంబర్ 11, మంగళవారం. సాయంత్రం 4.10

షాపు తెరిచి కుర్చీ చూపించింది. వదినా కూర్చో అంది. యాభై మూడు రోజుల తర్వాత.

కూర్చున్నాను. జడ విప్పింది. చెవి దగ్గర గాటు పడింది. తను సారీ అనలేదు, నేను అబ్బా అనలేదు. 5.20కి చెయ్యి నొప్పెట్టి ఆపేసింది. ఒక పక్క మెడ దాకా ఉంది, ఇంకో పక్క నడుం దాకా.

మిగతా పక్క రేపు అంది. సరే అన్నాను.